పింగాణీ మీద ప్రతిధ్వని

ఎలమంచిలి స్టేషను నుంచి రేగుపాలెం వైపో, బయ్యవరం వైపో పట్టాల మీద చిన్న ట్రాలీ ఒకటి నెట్టుకుంటూ రైల్వే మనుషులు నడిచి వెళ్లడం ఈ లైనులో తిరిగేవాళ్లు ఎప్పుడో ఒకప్పుడు చూసే ఉంటారు. ట్రాలీ మీద ఒక తెర, కింద పట్టాకు ఆనించిన ప్రోబ్‌లు, పక్కన నీళ్ల డబ్బా. రైల్వే భాషలో దాని పేరు యూఎస్‌ఎఫ్‌డీ. పట్టా లోపల దాగిన పగుళ్లను అల్ట్రాసౌండ్‌తో వెతికే పని అది. దారిన పోయేవాళ్లు తెర వైపు చూస్తారు. పని తెలిసినవాడు నీళ్ల డబ్బా ఓ కంట కనిపెడుతూ ఉంటాడు. ప్రోబ్‌కీ ఉక్కుకీ మధ్య నీటిపొర తెగిందంటే ధ్వని లోపలికి దిగదు. సందులో దూరిన గాలి దాన్ని దాదాపు మొత్తంగా వెనక్కి కొట్టేస్తుంది.

ఉక్కులో ధ్వని సెకనుకు సుమారు 5,900 మీటర్లు పోతుంది. మన పంటి పైన ఉండే పింగాణీ పొరలో దాని వేగం 6,000 మీటర్లకు కాస్త అటూ ఇటూ. అంటే ధ్వని లెక్కలో రైలు పట్టా, ముందు పన్ను ఒకే జాతివి. తేడా అంతా కొలతల్లో ఉంది. 60 కిలోల పట్టా ఎత్తు 172 మిల్లీమీటర్లు. పంటి మీద పింగాణీ ఎంత మందంగా ఉన్న చోటైనా రెండున్నర మిల్లీమీటర్ల దగ్గరే ఆగిపోతుంది. పట్టాకు 2 నుంచి 4 మెగాహెర్ట్జ్ ధ్వని చాలు, పంటి దగ్గర దానికి పదింతలు కావాలి. పైగా పట్టా నోరు మూసుకోదు, గుటక వేయదు, ఉమ్మి ఊరదు.

పళ్లనూ చిగుళ్లనూ అల్ట్రాసౌండ్‌తో చూడడానికి తయారైన చిన్న ప్రోబ్ ఒకటుంది. ఇంకా చాలావరకు పరిశోధనశాలల్లోనే ఉన్న పనిముట్టు. దాన్ని దగ్గరగా చూస్తే మెచ్చుకోవలసింది యంత్రం శక్తి కాదనిపిస్తుంది. నోట్లోంచి గాలిని వెళ్లగొట్టిన ఒడుపు, పంటి వంపుతో పోట్లాడకుండా దానికి లొంగి పని జరుపుకున్న తెలివి: నా లెక్కలో పనితనమంతా ఈ రెండింటిలోనే ఉంది.

ముందుగా ఒక సందేహం తీర్చుకోవాలి. పంటి డాక్టరు దగ్గర అల్ట్రాసౌండ్ అనగానే అందరికీ గుర్తొచ్చేది గార తీసే స్కేలర్. కీచుమంటూ నీళ్లు చిమ్మే ఆ మొన సెకనుకు పాతిక ముప్పై వేలసార్లు కంపించి, పంటికి కరుచుకున్న గారను పెచ్చులుగా రాలగొడుతుంది. దానికి ఏమీ కనపడదు, కనపడాల్సిన అవసరమూ లేదు. మనం చూడబోయే ప్రోబ్ సెకనుకు రెండు కోట్ల నలభై లక్షల సార్లు కంపించే ధ్వనితో పనిచేస్తుంది. దేన్నీ కదిలించదు. ఓ చిన్న తునక ధ్వనిని పంపి, నోరు మూసుకుని వింటుంది. నొక్కితే విద్యుత్తు పుట్టించే స్ఫటికాల గుణాన్ని 1880లో పారిస్‌లో జాక్, పియరీ క్యూరీ సోదరులు కనిపెట్టారు. విద్యుత్తు ఇస్తే అవే స్ఫటికాలు సాగి ముడుచుకుంటాయని మరుసటి ఏడాదికి తేలింది. మాట్లాడడానికీ వినడానికీ ప్రోబ్‌కు ఒకే అవయవం ఉండడానికి కారణం ఆ రెండు వైపుల గుణమే.

పంటిలోకి ధ్వనితో తొంగిచూడాలన్న కోరిక పాతదే. గిల్బర్ట్ బామ్ అనే అమెరికన్ కంటి వైద్యుడు ఐవన్ గ్రీన్‌వుడ్‌తో కలిసి 1950లలోనే కంటికి అల్ట్రాసౌండ్ బొమ్మ తీశాడు. కన్ను ధ్వనికి ఇష్టమైన అవయవం. మెత్తన, లోపలంతా నీరు. ఆ ధైర్యంతోనే కాబోలు, వాళ్లిద్దరూ మరో ఇద్దరిని కలుపుకుని పంటి మీదికి వచ్చారు. 15 మెగాహెర్ట్జ్ ధ్వనితో పంటి లోపలి నిర్మాణాన్ని చూడబోయిన వైనాన్ని 1963లో ‘సైన్స్’ పత్రికలో ప్రకటించారు. ప్రతిధ్వనులైతే వచ్చాయి. వైద్యుడు నమ్ముకుని చికిత్స చేయదగ్గ బొమ్మ మాత్రం రాలేదు.

ఎందుకు రాలేదో లెక్క కట్టి చూస్తే పంటి మీద గౌరవం పెరుగుతుంది. మెత్తని కండ నుంచి పింగాణీలోకి దిగబోయే ధ్వనిలో పదింట ఏడు వంతుల శక్తి గుమ్మం దగ్గరే వెనక్కి మళ్లిపోతుంది. మిగిలిన మూడు వంతులైనా లోపలికి పోవాలంటే కిరణం పంటి ముఖానికి ఇంచుమించు నిటారుగా తగలాలి. నెమ్మదైన పదార్థం నుంచి నాలుగింతలు వేగవంతమైన పదార్థంలోకి ధ్వని దూకాల్సి ఉంది కనుక, 15 డిగ్రీలు దాటి ఏటవాలైతే చాలు, అనుదైర్ఘ్య తరంగం లోపలికి పోకుండా పైపైనే జారిపోతుంది. పన్నేమో ఎటు చూసినా వంపే. 15 డిగ్రీల లోపు ప్రోబ్‌కు ఎదురుగా నిలబడే జాగా ఏ పంటి మీదైనా కాస్తే.

దిగినా మరో చిక్కుంది. స్కానింగ్ యంత్రాలు శరీరంలో ధ్వని వేగం ఎక్కడైనా 1,540 మీటర్లేనని నమ్మి లోతు లెక్క కడతాయి. రెండు మిల్లీమీటర్ల పింగాణీని ధ్వని పరుగున దాటి వచ్చేస్తే, ఇంత త్వరగా వచ్చిందంటే దగ్గరే ఉందనుకుని యంత్రం దాన్ని అర మిల్లీమీటరుగా గీస్తుంది. యంత్రం అబద్ధమాడలేదు, దానికి నేర్పిన లెక్క కండకు సంబంధించినది.

గట్టి పదార్థంలోకి ధ్వనిని దింపి దాని గుట్టు రాబట్టే విద్య మన విశాఖకు పరాయిది కాదు. పంటి ప్రోబ్‌తో నేరుగా చుట్టరికం లేకపోయినా, ఆంధ్ర విశ్వవిద్యాలయం భౌతికశాస్త్ర శాఖలో సూరి భగవంతం చేయించిన పనిని ఇక్కడ తలుచుకోకుండా ముందుకు పోబుద్ధి కాదు. ఆగిరిపల్లిలో 1909లో పుట్టి, కలకత్తాలో రామన్ దగ్గర పనిచేసి, 1930లలో వాల్తేరు వచ్చి చేరిన మనిషి ఆయన. తర్వాతి కాలంలో ఉస్మానియా ఉపకులపతిగా, బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ డైరెక్టరుగా, రక్షణమంత్రికి శాస్త్ర సలహాదారుగా ఎక్కువమందికి తెలుసు. నాకు మాత్రం ఆ పదవులకన్నా ఆయనా జె. భీమసేనాచార్ కలిసి 1944లో ప్రకటించిన చీలిక పద్ధతి ముచ్చటగా కనిపిస్తుంది. 1942 ఏప్రిల్‌లో విశాఖ మీద జపాన్ బాంబులు పడ్డాక విశ్వవిద్యాలయం గుంటూరుకు తరలిపోయిన రోజులవి. అలాంటి కాలంలో, ఉన్న సామానుతో చేసిన పని.

క్వార్ట్జ్ పలకను ఒక అంచు మందంగా, రెండో అంచు పలచగా వచ్చేట్టు చీలిక ఆకారంలో అరగదీశారు. మందాన్ని బట్టి స్ఫటికం సహజ కంపనం మారుతుంది గనుక, విద్యుత్ డోలనాల ఫ్రీక్వెన్సీని మెల్లగా తిప్పుతూ పోతే చీలికలో ఏదో ఒక చోటు దానికి పలుకుతూనే ఉంటుంది. ఒక్కో ఫ్రీక్వెన్సీకి ఒక్కో స్ఫటికం కోయించుకునే బాధ తప్పింది. చీలిక నుంచి ధ్వని పరీక్షించాల్సిన స్ఫటికపు పలకలోకి, అక్కడి నుంచి ద్రవంలోకి పోతుంది. ద్రవం గుండా ఒక కాంతిరేఖ. ధ్వని బాగా దాటి వచ్చినప్పుడు ద్రవంలో సాంద్రతల వరుసలు ఏర్పడి కాంతి విడిపోయి గీతలుగా మెరుస్తుంది. ధ్వని కాంతిని ఇలా చీలుస్తుందని 1932లో అమెరికాలో డెబై, సియర్స్ ఒకవైపు, ఫ్రాన్సులో లూకా, బికార్ మరోవైపు చూపించారు. 1935లో రామన్, నాగేంద్రనాథ్ దానికి సిద్ధాంతం కట్టారు. భగవంతం, భీమసేనాచార్ ఆ గీతలనే చెవిగా వాడుకున్నారు. పలక మందంలో అర తరంగాలు సరిగ్గా పూర్ణసంఖ్యలో ఇమిడిన ఫ్రీక్వెన్సీ దగ్గర గీతలు స్పష్టంగా వెలుగుతాయి. ఆ ఫ్రీక్వెన్సీ, పలక మందం తెలిస్తే ధ్వని వేగం తెలిసినట్టే. వేగం తెలిస్తే స్ఫటికం ఎంత బిగువో తెలుస్తుంది.

వజ్రాన్ని సైతం ఇలాగే కొలిచారు. ఆ అంకెలను తర్వాతి దశాబ్దపు కొలతలు గట్టిగానే సవరించాయి. అయినా పనిలోని పొందిక చెరగలేదు. అదే పద్ధతితో మన ప్రయోగశాలల్లో ఎన్నో స్ఫటికాల లెక్కలు తేలాయి. 1940లు ముగిసేలోగా భగవంతం, బి. రామచంద్రరావు ఇంకా హెచ్చు ఫ్రీక్వెన్సీల ధ్వనితో కాంతిని వివర్తనం చేయించే ప్రయోగాలకు వెళ్లారు. ఇప్పుడు పంటి బొమ్మకు వాడే మెగాహెర్ట్జ్‌ల మెట్టు వాళ్లకు కొత్త కాదు. కానీ వాళ్ల చేతిలో ఉన్నది చదునుగా అరగదీసిన పలక, ముందే కొలుచుకున్న మందం. నోట్లో పన్ను చదునూ కాదు, దాని మందం ముందుగా ఎవరికీ తెలియదు, నోట్లోంచి తీసి సానబెట్టడానికీ లేదు.

1990లలో ఈ చిక్కుకు రెండు జవాబులు వచ్చాయి. జర్మనీలో చిగురు మందం కొలిచే చిన్న పరికరం ఒకటి వాడారు. 5 మెగాహెర్ట్జ్ ధ్వని, కలం మొనంత తల, చిగురు మీద ఆనిస్తే తెర మీద ఒక అంకె. బొమ్మ లేదు. ఆశ తక్కువ కనుక పని బాగానే చేసింది. రెండోది అమెరికాలో నాసా లాంగ్లీ కేంద్రం నుంచి వచ్చింది. విమానాల లోహాన్ని ధ్వనితో పరీక్షించే విద్య తెలిసిన జాన్ కంపానియన్, విలియం అండ్ మేరీ కళాశాలకు చెందిన మార్క్ హిండర్స్ దాన్ని చిగురు కిందికి మళ్లించారు. బోలు శంకువు లాంటి మొన, దాన్నిండా నీరు. మొన నుంచి సన్నని ధార చిగురుకీ పంటికీ మధ్య సందులోకి జారుతుంది. ఆ ధారనే దారిగా చేసుకుని ధ్వని లోపలికి దిగుతుంది. యూఎస్‌ఎఫ్‌డీ ట్రాలీ మీది నీళ్ల డబ్బా ఇక్కడ ప్రోబ్ లోపలికే చేరింది. ఇంజినీరింగ్ పరంగా చూస్తే నాకిది ఇప్పటికీ అన్నింటికన్నా అందమైన ఆలోచన. అయితే సందులోంచి తిరిగొచ్చే ప్రతిధ్వనులు ఒకదాని మీద ఒకటి పడి, ఏది సందు అడుగుదో, ఏది గార పెచ్చుదో విడదీయడం కష్టమైంది. డాక్టరు చిగురు సందులో దింపి లోతు కొలిచే కడ్డీ చెప్పిన అంకెకూ, ధ్వని చెప్పిన అంకెకూ చక్కగా కుదరలేదు.

మిషిగన్ విశ్వవిద్యాలయంలో చిగుళ్ల వైద్యుడు సున్-లియాంగ్ చాన్, అల్ట్రాసౌండ్ భౌతికశాస్త్రజ్ఞుడు ఆలివర్ క్రిప్‌గన్స్ నడిపిన పనిలో దారి మారింది. వాళ్లు పంటి లోపలికి పోవాలన్న పట్టుదల వదిలేశారు. పంటిని దాటాల్సిన అడ్డుగా చూడకుండా, ధ్వనిని బలంగా వెనక్కి పంపే గోడగా ఒప్పుకున్నారు. ఆ గోడకు ఇవతల ఏముంది? చిగురు, ఎముక అంచు, వాటి మధ్య సందులు. చిగుళ్ల జబ్బుకు కావలసిన సమాచారం దాదాపు అంతా అక్కడే ఉంది. బామ్ బృందాన్ని ఓడించిన ఏడు వంతుల ప్రతిఫలనమే ఇక్కడ చుట్టమైంది.

వాళ్లు వాడిన ప్రోబ్ తల పొడవు సుమారు 3 సెంటీమీటర్లు. టూత్‌బ్రష్ పట్టినట్టే పట్టి బుగ్గకూ చిగురుకూ మధ్య దూర్చవచ్చు. ఫ్రీక్వెన్సీ 24 మెగాహెర్ట్జ్. కండలో ఆ ధ్వని ఒక అల పొడవు 64 మైక్రాన్లు, ఒక్కో కంపనానికి పట్టే కాలం 42 నానోసెకన్లు. కడుపు స్కానింగ్‌లో వాడేది 3 నుంచి 5 మెగాహెర్ట్జ్. అక్కడ అల పొడవు ఇంతకు ఐదారింతలు పైనే. అంత పెద్ద అలతో మిల్లీమీటరు మందపు చిగురును చూడబోతే రెండు మూడు అలలతోనే కథ అయిపోతుంది.

హెచ్చు ఫ్రీక్వెన్సీకి ఖరీదు ఉంది. అది లోతుకు పోలేదు. 24 మెగాహెర్ట్జ్ ధ్వని కండలో సెంటీమీటరు దిగి తిరిగి వచ్చేసరికి శక్తిలో రెండు వందల యాభయ్యో వంతు మిగిలితే గొప్ప. కాలేయం చూడాలంటే ఈ ప్రోబ్ పనికిరాదు. చిగురు మందం ఒకటి రెండు మిల్లీమీటర్లే కనుక పంటి దగ్గర ఆ లోపం లోపం కాకుండా పోయింది. పనికి తగ్గ పనిముట్టు అంటే ఇంతే. ఎక్కడ చేతకాదో అక్కడికి దాన్ని పంపకపోవడం.

ఈ రకం ప్రోబ్ తల విప్పి చూస్తే పొరలు పొరలుగా ఉంటుంది. నడిమి పొర లెడ్ జిర్కొనేట్ టైటనేట్ అనే పింగాణీ పదార్థం. పంటి పైదీ పింగాణీయే, వినేదీ పింగాణీయే అన్నమాట. దాన్ని వేడి చేసి, బలమైన విద్యుత్ క్షేత్రంలో ఉంచితే లోపలి స్ఫటిక రేణువుల ధ్రువాలు ఒక దిక్కుకు తిరుగుతాయి. ఆ తర్వాతే దానికి పలికే గుణం వస్తుంది. 24 మెగాహెర్ట్జ్ దగ్గర మోగాలంటే దాని మందం సుమారు 90 మైక్రాన్లకు తేవాలి, అంటే మిల్లీమీటరులో పదో వంతు కూడా ఉండకూడదు. అంత పలచని పెళుసు పలకను వజ్రపు అంచు రంపంతో సన్నని పట్టీలుగా, సాధారణంగా 128గా కోస్తారు. ఒక పట్టీ పక్క పట్టీని కుదపకుండా నడుమ సందు ఉంచాలి; ఒక్కోదానికి విడిగా తీగ కలపాలి. ఏ పట్టీ ముందు పలకాలి, ఏది ఎన్ని నానోసెకన్లు ఆగి పలకాలి అన్నది యంత్రం నిర్ణయించి, అన్నింటి ధ్వనీ చిగురులో అనుకున్న బిందువు దగ్గర కలిసేట్టు చేస్తుంది. తిరిగి వచ్చేటప్పుడూ అదే లెక్క.

వెనక వైపు బరువైన మిశ్రమం ఒకటి అంటిస్తారు. పట్టీ మోగిన వెంటనే మోత ఆగాలి. మోగుతూనే ఉంటే దగ్గరి ప్రతిధ్వని దాని కిందపడి వినపడకుండా పోతుంది. చిగురు పైపొర నుంచి వచ్చే జవాబు కొద్ది మైక్రోసెకన్లలోనే తిరిగి వస్తుంది, మిల్లీమీటరు లోతుకు 1.3 మైక్రోసెకన్లు చొప్పున. ముందు వైపు, చిగురును తాకే వైపు, సరిపోల్చే పొర ఉంటుంది. గట్టి పింగాణీ నుంచి మెత్తని కండలోకి ధ్వని ఒకేసారి దూకితే చాలా భాగం వెనక్కి తన్నుకుంటుంది కనుక, ఆ రెండింటికీ నడిమి స్వభావం ఉన్న పొరను పావు తరంగం మందంలో పూస్తారు. ఈ ఫ్రీక్వెన్సీకి అది పాతిక మైక్రాన్లకు దగ్గరగా వస్తుంది. కాస్త మందమైతే ధ్వని మొద్దుబారుతుంది, కాస్త పలచనైతే పొర పెట్టి ప్రయోజనం లేదు. మనకు పక్కనే ఉన్న ఏటికొప్పాకలో తిరిగే అంకుడు కర్ర మీద లక్క కడ్డీ ఆనించి, రాపిడి వేడికి కరిగిన లక్కను పలచగా, ఒక్క తీరున పరిచి మొగలాకుతో మెరుగు పెట్టే చేతిని చూసినవాళ్లకు ఆ పొర విలువ వేరే చెప్పనక్కర్లేదు. కర్ర బొమ్మకు ఆ పొర అందం. ప్రోబ్‌కు అది గొంతు.

ఇంత చేశాక కూడా ప్రోబ్‌ను నేరుగా చిగురుకు ఆనించరు. తల మీద జెల్ వేసి, శుభ్రమైన తొడుగు తొడిగి, తొడుగుకూ చిగురుకూ మధ్య మెత్తని జెల్ దిండో మరికాస్త జెల్లో ఉంచుతారు. తొడుగులో ఒక్క గాలి బుడగ చిక్కినా దాని వెనక నల్లని చార పడుతుంది. పంటి వంపుకూ ప్రోబ్ చదునుకూ మధ్య మిగిలే సందులన్నీ ఆ జెల్లే నింపుతుంది. చేతికి ఇంకో హద్దు కూడా నేర్పాలి. గట్టిగా నొక్కితే చిగురు అణిగి పలచబడుతుంది, కొలత మారిపోతుంది. ఆనీ ఆనకుండా పట్టుకోవాలి. యంత్రం ఎంత ఖరీదైనదైనా బొమ్మ బాగా వచ్చేదీ చెడేదీ ఈ రెండు మిల్లీమీటర్ల జెల్ దగ్గరే.

ఇక బొమ్మ. ముందు పంటికి బయటి వైపు ప్రోబ్ నిలువుగా పెట్టి తీసిన బూడిదరంగు చిత్రం చూడగానే ఏమీ అర్థం కాదు. పైన నల్లగా ఉన్నది జెల్. దాని కింద సన్నని తెల్లగీత చిగురు పైముఖం. గీత కింద ఇసుక చల్లినట్టున్న బూడిదరంగు చిగురు కండ. ఇంకా కిందికి పోతే ఒక చివర తళతళలాడే తెల్లని వంపు కనిపిస్తుంది, అది పింగాణీ. ఆ వంపు వెంట కన్ను నడిపించుకుంటూ వేరు వైపు దిగితే ఒక చోట చిన్న మెట్టు వస్తుంది. కిరీటపు పింగాణీ ముగిసి వేరు మీది సిమెంటం మొదలయ్యే సంధి అది. బొమ్మ చదవడం నేర్చినవాళ్లు మొదట వెతికేది ఈ మెట్టునే, ఎందుకంటే అది జరగదు. చిగురు వాస్తుంది, కుంగుతుంది, ఎముక అరుగుతుంది, ఆ సంధి మాత్రం పన్ను ఉన్నన్నాళ్లూ ఉన్నచోటే ఉంటుంది.

మెట్టు నుంచి ఇంకొంచెం కిందికి పోతే వేరు గీతకు ఇవతలగా మరో తెల్లగీత మొదలవుతుంది. ఎముక అంచు. ఆరోగ్యమైన నోట్లో మెట్టుకూ ఈ అంచుకూ మధ్య దూరం రెండు మిల్లీమీటర్ల చుట్టూ ఉంటుంది. అది పెరుగుతూ పోతే ఎముక దిగిపోతున్నట్టు. కెనడాలో ఆల్బర్టా విశ్వవిద్యాలయంలో లారెన్స్ లే బృందం 20 మెగాహెర్ట్జ్ ప్రోబ్‌తో వెంటబడింది ప్రధానంగా ఈ దూరం కోసమే. పళ్లకు క్లిప్పులు వేసి జరిపేటప్పుడు ముందరి ఎముక తట్టుకుంటుందా లేదా అన్నది వాళ్ల ప్రశ్న. ముందు పళ్ల బయటి ఎముక చాలామందిలో ఒక మిల్లీమీటరు కూడా ఉండదు. చెరకు గెడ తొక్కను ముందు పళ్లతో చీరి తినే అనకాపల్లి ప్రాంతంవాళ్లం ఈ మాట వింటే కొంచెం ఉలిక్కిపడాల్సిందే.

అంత పలచని ఎముకను మామూలు ఎక్స్‌రే చూపలేదు. 1895 చివర్లో రాంట్‌జన్ కిరణాలను ప్రకటించిన కొద్ది వారాలకే జర్మనీలో ఒట్టో వాల్కాఫ్ తన పళ్లకు పాతిక నిమిషాల సేపు ఎక్స్‌రే తీయించుకున్నాడు. అప్పటి నుంచీ పద్ధతి అదే: కిరణం ముందు నుంచి వెనక్కి పోతుంది, దారిలో ఉన్నవన్నీ ఒకే నీడలో కలిసిపోతాయి. పంటికి ముందున్న పలచని ఎముక పంటి నీడలో మాయమవుతుంది. చిగురైతే అసలు పడదు. ధ్వని బయటి నుంచి వచ్చి బయటికే పోతుంది కనుక సరిగ్గా ఆ పొరలనే విడివిడిగా గీస్తుంది. స్క్రూ ఇంప్లాంట్ ఉన్న చోట సీటీ బొమ్మలో లోహం చుట్టూ చారలు చెలరేగి పక్క ఎముకను కప్పేస్తాయి. ధ్వనికి లోహం కూడా మరో గోడ, అంతే. పైగా డాప్లర్ పద్ధతి కలిపితే చిగురులో నెత్తురు ప్రవాహం రంగులుగా వెలుగుతుంది. వాచిన చిగురులో ఆ రంగు ఎక్కువ. మంట ఉందా లేదా అని ఇన్నాళ్లూ కడ్డీతో పొడిచి, నెత్తురు వస్తుందేమో చూసి తెలుసుకుంటున్నారు.

ఆ కడ్డీని తక్కువ చేయను. మిల్లీమీటరు గీతలున్న విలియమ్స్ ప్రోబ్ ఏ కరెంటూ లేకుండా, పంటి చుట్టూ ఆరు చోట్ల దిగి నిమిషాల్లో నోరంతా కొలిచేస్తుంది. దాని చిక్కు చేతిలో ఉంది. ఒకరు మెల్లగా దింపుతారు, ఒకరు నొక్కుతారు. ఒకే సందుకు ఇద్దరు డాక్టర్లు మిల్లీమీటరు తేడాతో అంకెలు చెప్పడం మామూలే. వాచిన చిగురులోకైతే కడ్డీ సందు అడుగు దాటి కండలోకి కూడా దిగిపోతుంది. పైన చెప్పిన బొమ్మల్లో మాత్రం సందు లోతే సరిగ్గా కనపడదు. చిగురు పంటిని ఆనుకుని ఉంటే ఆ మధ్య గీత ధ్వనికి అందనంత సన్నం.

దీనికి కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం శాన్‌డియాగోలో జెస్సీ జోకర్స్ట్ బృందం 2017లో చూపిన ఉపాయం చేపల రేవు మనుషులకు నవ్వు తెప్పిస్తుంది. కటిల్‌ఫిష్ సిరాను నీళ్లలో, మొక్కజొన్న పిండితో కలిపి పళ్ల మీద పూశారు. సిరా చిగురు సందుల్లోకి జారుతుంది. దాని మీద లేజరు కాంతి తునకలు పడితే సిరాలోని మెలనిన్ రేణువులు వేడెక్కి, ఒక్క క్షణం ఉబ్బి, ఆ ఉబ్బుతో ధ్వని పుట్టిస్తాయి. ప్రోబ్ ఊరికే వింటే చాలు. సిరా ఎంత లోతుకు పోయిందో అంత లోతు నుంచీ పిలుపు వస్తుంది. కాంతి ధ్వనిగా మారే ఈ గుణాన్ని మొదట గమనించింది టెలిఫోన్ గ్రాహం బెల్, క్యూరీలు స్ఫటికాన్ని నొక్కిన ఆ 1880లోనే. పంది దవడల మీద ఈ పద్ధతి సందు లోతును కడ్డీ కొలతకు దగ్గరగా చెప్పడమే కాదు, కడ్డీ ఆగే ఆరు చోట్లకే పరిమితం కాకుండా సందు పొడుగునా అంచును గీసి చూపింది. విశాఖ చేపల రేవులో ఎగుమతికి పోయే కటిల్‌ఫిష్ సంచిలోని సిరా ఇంత సూక్ష్మమైన పనికి వస్తుందని వలవాళ్లు ఎవరనుకుంటారు.

ఎలమంచిలి మెయిన్‌రోడ్డు మీద పంటి ఆస్పత్రికి పోతే ఎదురయ్యేది ఎక్స్‌రే, కడ్డీ, స్కేలరే. ఖరీదు ఒక కారణం. మన దేశానికే చెందిన కారణం ఇంకోటి ఉంది. ఆడపిల్లలను కడుపులోనే కాటేయకుండా 1994లో వచ్చిన లింగనిర్ధారణ నిషేధ చట్టం కింద స్కానింగ్ యంత్రం పెట్టేవాళ్లు నమోదు చేయించుకోవాలి, లెక్కలు రాయాలి, గోడ మీద బోర్డు తగిలించాలి. చేతిలో మోసుకుపోయే యంత్రాలపై 2012 నుంచి మరింత కట్టుదిట్టం. సెంటీమీటరు దాటి చూడలేని ప్రోబ్‌తో గర్భం చూడడం ఎవరి తరం కాకపోయినా, ఆ ప్రోబ్ తగిలించే యంత్రానికి వేరే ప్రోబ్ కూడా తగిలించవచ్చు. చట్టం ఆ కంట చూడడంలో తప్పేమీ లేదు. ఆ చట్టం అవసరమైన సమాజం మనది. పంటి డాక్టరు ఆ తతంగమంతా చిగురు కోసం మీదేసుకుంటాడా అంటే అనుమానమే.

మన తీరంలో ఈ ప్రోబ్‌కు వేరే పని కూడా దొరికేది. అడ్డచుట్ట, అంటే నిప్పు కొస నోట్లో పెట్టుకుని కాల్చే చుట్ట, శ్రీకాకుళం పల్లెవాళ్ల అంగిలిని ఏం చేస్తుందో 10,169 మంది గ్రామస్థులను పరిశీలించి 1971లో పిండ్‌బోర్గ్, మెహతా ప్రభృతులు రాశారు. అంగిలి పొర మందం కొలవడం ఈ ప్రోబ్‌లకు చేతనైన పనే; చిగురు అతుకు కోసం అంగిలి నుంచి ముక్క తీసేముందు ఇప్పటికే అలా కొలుస్తున్నారు. అంగిలి వెడల్పుగా, ఎదురుగా ఉంటుంది. ప్రోబ్‌ను ఆనించడం అక్కడ తేలిక.

కష్టమంతా వెనకకు పోయేకొద్దీ. దవడ పళ్ల నాలుక వైపు మూడు సెంటీమీటర్ల తల తిరగదు. నాలుక దాన్ని తోసేస్తుంది, ఉమ్మి నురుగులోని బుడగలు జెల్‌లోకి దూరతాయి. ఇంకా మొండిది రెండు పళ్ల మధ్య సందు. చిగుళ్ల జబ్బు ఎక్కువగా మొదలయ్యేది అక్కడే. బయటి నుంచి పోయే ధ్వనికి అక్కడ రెండు పింగాణీ వంపులు అడ్డు, రెండూ 15 డిగ్రీల హద్దుకు అవతలివి. ఎక్స్‌రే కిరణం మాత్రం ఆ సందులోంచి నేరుగా దూసుకుపోయి, నడుమనున్న ఎముక ఎత్తును స్పష్టంగా గీస్తుంది. ప్రస్తుతానికి ఆ సందు ఎక్స్‌రేదే.